పక్కచూపు

పక్కచూపులు చూడొద్దని నేర్పిండ్రు నాకు.
ట్రైనింగుల మొదటి దినమే చెప్పిండ్రు:
ఓదెలూ, నీ కండ్లు పట్టాల మీదనే ఉండాలె,
ఎడమకు ఇల్లు కాలుతున్నా, కుడికి పెండ్లయితున్నా
నీకు కనవడొద్దు.

పందొమ్మిదేండ్లు గట్లనే నడిపిన.
లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా దాక
హైదరాబాదంటే నాకు
రెండు ఇనుప గీతలు, చివర ఒక సిగ్నలు.
మూసీని దినాం దాటిన గని
నీళ్లేం రంగని అడుగు, చెప్పలేను.

యాఖుత్‌పురా దాటినంక మలుపుల,
పొద్దుగూకే యాళ్ల,
పట్టాల నడుమ ఒకాయన.
చేతిల టిఫిన్ డబ్బ.
దాన్ని కంకర మీద,
కూర ఒలుకుతదేమో అన్నట్టు,
పైలంగ పక్కకు పెట్టిండు.
అటెన్క తలెత్తి నన్ను చూసిండు.

హారన్ నా చేతుల ఉంది, బ్రేకు నా చేతుల ఉంది,
రైలు మాత్రం నా చేతుల లేదు.
ఆగింది. ఆగకేం చేస్తది,
నాలుగు బోగీల దూరం పోయినంక ఆగింది.

తప్పు నాది కాదని సాబు సంతకం పెట్టిండు.
మూడు దినాలు సెలవు, నాలుగో దినం డ్యూటీ.
ఆయన మాత్రం నా మీదికెళ్లి దిగలే.
గడ్డం గీసుకునే అద్దంల ఉంటడు.
సువార్త డబ్బలు కడిగి బోర్లిస్తే
ఆ సప్పుడుకు నేను గోడకు ఒరుగుత.
నిద్రల చెయ్యి లేచి దేన్నో గుంజుతది,
మంచానికి బ్రేకు ఉండదు గదా.

బామ్మర్ది దర్గాకు తీస్కపోయి
నెమలీకలతోని దులిపిచ్చిండు.
నెమలీకలు మంచియే, మెత్తగున్నయ్.

అటెన్క మలక్‌పేట్ల, చీరెల దుకాణం మీద రెండో అంతస్తు.
డాక్టర్ నుజహత్ నా ఎదురుంగ కాకుంట
కొంచెం వారగ కూసుంది.
రెండు వేళ్లు లేపి
తలకాయ తిప్పకు, కండ్లతోనే రా అన్నది.
దిష్టి తీస్తున్నవా అమ్మా అన్న.
నిమ్మకాయ మర్చిపోయొచ్చిన అన్నదామె.

ఆ సాయంత్రాన్ని మనసుల పెట్టుకో,
చూపును నా వేళ్ల ఎంబడి పంపు.
ఎడమ. కుడి. ఎడమ. కుడి.
కండ్లు మొరాయించినయ్.
పందొమ్మిదేండ్లు ఒక్క చాలుల నడిచిన ఎడ్లు,
పక్కకు రమ్మంటే వస్తయా?

రెండోసారి కడుపుల తిప్పింది.
కిందికి దిగి చాయ్ తాగి, మల్ల ఎక్కలే.
మూడోసారి సువార్తనే పట్టుకొచ్చి
నేను పారిపోకుంట మెట్ల మీద కూసుంది.

ఎడమ. కుడి.
ఏం కనవడుతాంది?
గీతల అంగీ.
దాంతోనే పో.
జేబుల పెన్ను.
దాంతోనే పో.
ఆయన మొఖం. కండ్లు సగం మూసుకున్నడు.
ఎందుకు?
ఎలుగు కొడుతాంది.
ఏం ఎలుగు?

నోరు రాలె నాకు.
హెడ్‌లైటు. నా హెడ్‌లైటే.
ఆ యాళ్ల గంత ఎలుగుల
అద్దం ఎనక మనిషి ఎవలకూ కనవడడు.
ఏడాదిన్నర నన్ను చూసిండు, నన్ను చూసిండనుకుంట బతికిన.
ఆయన నన్ను చూడలే.
డాక్టరమ్మ వేళ్లు గాలిల ఆగినయ్.
మెట్ల మీదికి ఇనవడేటట్టు ఏడ్చిన.

ఆయన పోయిండని చెప్ప.
పట్టాల మీదికెళ్లి లేచి
కంకర మీదికి జరిగి
డబ్బ పక్కన కూసున్నడు, అంతే.

నిన్న టికెట్ కొనుక్కొని ఎక్కిన, మొదటిసారి,
కిటికి పక్కన.
స్తంభాలు వస్తున్నయ్, పోతున్నయ్,
కండ్లు వాటంతటవే ఉరుకుతున్నయ్, మల్ల మొదటికొస్తున్నయ్.
ఎదురు సీటు పిల్ల తల్లిని గీకి
అమ్మా, ఆ తాత కండ్లు ఊగుతున్నయ్ అన్నది.
నీయి గూడ ఊగుతున్నయ్ బిడ్డా అన్న.

మూసీ వచ్చింది.
నీళ్లు కనవడలే, మీదంత గుర్రపుడెక్క,
పచ్చగ, సిగ్గులేనంత పచ్చగ,
దాని మీద నడుసుకుంట ఒక కొంగ.

దబీర్‌పురాల దిగిన.
యాఖుత్‌పురా తరువాతి స్టేషన్.
అటు ఇంకో దినం పోత.